స్వరలిపిని చదివి వినిపించు డ్రైవరు

ఒక కీర్తనను దాచి యుంచుటకు రెండు మార్గములు కలవు. విద్వాంసుడు పాడుచుండగా దానిని రికార్డు చేయుట మొదటిది. ఆ కీర్తనలోని స్వరములను కాగితముపై వ్రాసి పెట్టుట రెండవది. రికార్డును ఎవరు మ్రోగించినను అదే గొంతు, అదే శ్రుతి, అదే కాలము. నడుమ ఎవరైన దగ్గియుండినచో ఆ దగ్గు కూడ ప్రతి సారియు వినబడును. స్వరలిపి అట్లు కాదు. అది తనంతట తాను పలుకదు. దానిని చదువ నేర్చిన వైణికుడో, హార్మోనిస్టో ఎదుట కూర్చుండవలెను. అయినను దాని వలన లాభము లేకపోలేదు. ఒక కీర్తన ఒకటి రెండు పుటలలో ఇమిడిపోవును. శ్రుతిని మార్చుకొనవచ్చును, కాలమును మార్చుకొనవచ్చును, వీణకు బదులు వేణువుపై వాయించుకొనవచ్చును. 1904 లో ఎట్టయపురమునుండి సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగున అచ్చుపడుట చేతనే, ముత్తుస్వామి దీక్షితుల కృతులను వారి శిష్యపరంపరలో చేరనివారు కూడ పుస్తకము చూచి సాధన చేయగలిగిరి.

కంప్యూటరులో సంగీతమును దాచుట కూడ ఈ రెండు విధములుగనే జరుగును. రికార్డు పద్ధతిలో ధ్వని యొక్క ఎత్తుపల్లములను సెకనునకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 2 బైట్లలో వ్రాయుదురు. కుడి యెడమల రెండు వరుసలకు కలిపి ఒక నిమిషపు సంగీతమునకు 1,05,84,000 బైట్లు కావలెను. స్వరలిపి పద్ధతిలో ఒక స్వరము మొదలగుటకు 3 బైట్లు, ముగియుటకు 3 బైట్లు చాలును. సెకనునకు 10 స్వరముల చొప్పున వాయించినను నిమిషమునకు 3,600 బైట్లు మాత్రమే. కాలమును సూచించు అంకెలు దీనికి చేరినను మొత్తము కొద్ది వేలను మించదు.

ఈ తేడా చిన్నది కాదు. కాని మరల పాత ప్రశ్నయే ఎదురగును: ఆ లిపిని చదివి వాయించువారెవరు? కంప్యూటరులోని సౌండు కార్డుపై సింథసైజరు అను చిప్పు ఉండవచ్చును. అది వాద్యము వంటిది. వాద్యము ఉన్నంత మాత్రమున సంగీతము రాదు. లిపిని చదివి, తీగెపై వ్రేలుంచి, సమయమునకు మీటువాడు కావలెను. ఆ పని చేయు ప్రోగ్రామునకు డ్రైవరు అని పేరు. బస్సును నడుపు డ్రైవరును మనమెల్లరము ఎరుగుదుము. ఈ డ్రైవరు నడుపునది బస్సును కాదు, చిప్పును. ఇతడు చేయు పనులెవ్వి, ఇతని విద్య నలుగురికి తెలిసియుండుట ఎందులకు అవసరము అను రెండు సంగతులను ఇచ్చట విచారింతము. ఉదాహరణమునకు 1994 లో వెలువడిన సౌండ్ బ్లాస్టర్ ఏడబ్ల్యూఈ32 అను కార్డును, దానికై లినక్స్ లో వ్రాయబడిన డ్రైవరును తీసికొందము.

అంకెలలో స్వరలిపి

వేరువేరు కంపెనీల వాద్యములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకై 1983 లో మిడి అను కట్టుబాటు ఏర్పడినది. దీనిలో స్వరములకు పేర్లు లేవు. 0 మొదలు 127 వరకు అంకెలున్నవి. పియానో నడుమనుండు 'సి' మెట్టునకు 60 అని అంకె. దానినే మన ఆధారషడ్జముగా గైకొనినచో పంచమము 67, తారషడ్జము 72 అగును. ఒక స్వరము మొదలగునపుడు పోవు 3 బైట్లలో మొదటిది 'ఈ వరుసలో స్వరమును మొదలుపెట్టుము' అను ఆజ్ఞ, రెండవది స్వరసంఖ్య, మూడవది ఎంత గట్టిగా మీటవలెనో తెలుపు సంఖ్య. ఇట్టి వరుసలు, అనగా ఛానెళ్లు, మొత్తము 16 కలవు. ఒకదానిలో వేణువు, వేరొకదానిలో తంత్రీవాద్యము, ఇట్లు ఒకేసారి నడుపవచ్చును.

ఈ ఆజ్ఞలలో ధ్వని ఎక్కడను లేదని గమనింపవలెను. '67 వ స్వరమును మొదలుపెట్టుము' అనినంత మాత్రమున గాలి కదలదు. ఆ అంకెను గాలి కదలికగా మార్చుట మిగిలియే యున్నది.

వాద్యము వంటి చిప్పు

తొలినాటి సౌండు కార్డులలో యమహా కంపెనీవారి చిప్పులుండెడివి. అవి పనిచేయు విధానమును 1967 లో అమెరికాలోని స్టాన్ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ కనుగొనెను. ఒక తరంగము చేత వేరొక తరంగము యొక్క వేగమును అతిశీఘ్రముగా ఊపినచో క్రొత్త క్రొత్త నాదములు పుట్టును. ఈ పద్ధతి చవుకయైనది, చతురమైనది. కాని దీనితో పుట్టిన వేణునాదము వేణువును తలపించునే కాని వేణువు కాదు.

ఏడబ్ల్యూఈ32 లో ఈ పాత చిప్పుతోపాటు ఈఎంయు8000 అను వేరొక చిప్పును కూడ అమర్చిరి. ఇది నాదమును కల్పింపదు; నిజమైన వాద్యముల నమూనాలను గైకొని, కావలసిన స్థాయికి మార్చి మ్రోగించును. కార్డుపై 1 మెగాబైటు శాశ్వతస్మృతిలో అట్టి నమూనాలు ముందే యుండును. మనము క్రొత్త నమూనాలు నింపుకొనుటకు 512 కిలోబైట్ల ఖాళీ స్మృతి కూడ కలదు; మెమొరీ పలకలను చేర్చి దానిని 28 మెగాబైట్ల వరకు పెంచవచ్చును. ఈ చిప్పులో 32 కంఠములున్నవి. అనగా ఒకేసారి 32 స్వరములు పలుకవచ్చును. ఒక్కొక్క కంఠమునకు తన స్థాయి, తన బలము, తన వడపోత, తన కంపనము వేరువేరుగా కలవు.

నడుమనుండు మధ్యవర్తి

ఈ చిప్పునకు మిడి భాష తెలియదు. దానికి తెలిసినవి రిజిస్టర్లు మాత్రమే. రిజిస్టరు అనగా చిప్పులోని చిన్న గూడు. ఏ గూటిలో ఏ అంకె వేసినచో ఏమి జరుగునో చిప్పును నిర్మించినవారు నిర్ణయించి యుందురు. డ్రైవరు ముందుగా 'ఫలానా కంఠము, ఫలానా గూడు' అని చిరునామా వ్రాయును. ఆ చిరునామాలో 5 బిట్లు కంఠమునకు, 3 బిట్లు గూటికి. 5 బిట్లతో 32 సంఖ్యలు వచ్చును కాబట్టి కంఠములు 32. తరువాత ఆ గూటిలో వేయవలసిన అంకెను పంపును.

ఇక్కడ ఒక ప్రమాదము పొంచి యున్నది. చిరునామా వ్రాసిన తరువాత, అంకె పంపుటకు ముందు, కంప్యూటరులో నడుచుచున్న వేరొక పని అడ్డువచ్చి చిరునామాను మార్చినచో, మొదటివాని అంకె రెండవవాని గూటిలో పడును. పాట నడుమ వేణువు మూగపోయి, వేరొక వాద్యము అపశ్రుతి పలుకును. అందుచేత డ్రైవరు ఈ రెండు పనులను కలిపి ఒక తాళము వేసికొనును; అవి ముగియువరకు ఇతరులకు ప్రవేశము లేదు. సంగీతమునందలి తాళమునకు ఈ తలుపుతాళము కూడ తోడుగా నుండవలెనన్నమాట.

డ్రైవరు సాధారణ ప్రోగ్రాముల వంటిది కాదు. అది ఆపరేటింగు సిస్టము యొక్క గర్భములో, కెర్నెలు అనుచోట నడుచును. అచ్చట నడుచుదానికి యంత్రమంతటి మీదను అధికారముండును. ఉత్తరములు వ్రాసికొను ప్రోగ్రాము చెడినచో ఆ ఉత్తరమే పోవును. కెర్నెలులోని డ్రైవరు చెడినచో యంత్రమంతయు స్తంభించి పోవచ్చును. కాబట్టి డ్రైవరు వ్రాయువాడు వచ్చిన ప్రతి అంకెను శంకించుచు, పరిమితి దాటలేదని చూచిన తరువాతనే ముందుకు పోవలెను.

పంచమము ఒక అంకె యగుట

ఇప్పుడు ఒక స్వరమును ఆద్యంతము వెంబడింతము. మన యొద్ద వేణువు యొక్క నమూనా యున్నది. దానిని 60 వ స్వరముగా, సెకనునకు 44,100 కొలతల చొప్పున రికార్డు చేసిరి. మనకు కావలసినది 67, అనగా పంచమము.

ఈఎంయు8000 లో స్థాయిని తెలుపు గూటిలో 57,344 అను అంకె వేసినచో నమూనా రికార్డు చేసిన స్థాయిలోనే మ్రోగును. ఆ అంకెకు 4,096 కలిపినచో ఒక స్థాయి పైకి, అనగా తారస్థాయికి పోవును. తీసివేసినచో మంద్రమునకు దిగును. స్థాయికి 12 మెట్లు కాబట్టి ఒక్కొక్క మెట్టు 341.33. పంచమము షడ్జమునకు 7 మెట్లు పైన నున్నది. 7 ను 341.33 చేత హెచ్చింపగా 2,389 వచ్చును. దానిని 57,344 తో కలుపగా 59,733. ఇదియే డ్రైవరు చిప్పునకు పంపవలసిన అంకె. నమూనాను సెకనునకు 22,050 కొలతల చొప్పున రికార్డు చేసియుండినచో, ఊరక మ్రోగించినపుడు అది ఒక స్థాయి ఎక్కువగా వినబడును. అందుచేత డ్రైవరు ఇంకను 4,096 తీసివేయవలెను. ఇట్టి సవరణలన్నియు వినువానికి తెలియకుండ క్షణములో జరిగిపోవును.

సంగీతజ్ఞులు ఇచ్చట ఒక సందేహము వెలిబుచ్చవచ్చును. తంబురాపై పలుకు శుద్ధమైన పంచమము షడ్జమునకు సరిగా ఒకటిన్నర రెట్లు. పై లెక్క వలన వచ్చినది 1.498 రెట్లే కదా? నిజమే. శుద్ధ పంచమమునకు చిప్పులో వేయవలసిన అంకె 59,740. తేడా 7 మాత్రమే. దీనిని గుర్తించుట కష్టము. కాని అంతరగాంధారమును చూడుడు. షడ్జమునకు ఒకటింబావు రెట్లుండు శుద్ధ గాంధారము 58,663. పియానో మెట్టు ప్రకారము వచ్చు గాంధారము 58,709. తేడా 46. ఇది తంబురాకు అలవాటుపడిన చెవికి తెలియును.

లోపము చిప్పులో లేదని స్పష్టమగుచున్నది. అది రెండు అంకెలను సమానముగా అంగీకరించును. స్థాయిని పన్నెండు సమభాగములు చేసిన లెక్క మాత్రమే మనది కాదు. మిడిలో దీనికి ఒక ఉపాయము కలదు. స్వరమును తీగె లాగినట్లు వంచుటకు 0 మొదలు 16,383 వరకు సంఖ్యలున్నవి. 8,192 అనగా వంపు లేదని యర్థము. మామూలు అమరికలో ఈ వంపు పైకి రెండు మెట్లు, క్రిందికి రెండు మెట్లు. గాంధారముతోపాటు 7,631 అను సంఖ్యను పంపినచో అది శుద్ధ గాంధారమునకు దిగును. డ్రైవరు ఆ వంపును స్థాయి గూటి అంకెలో కలిపివేయును. స్వరము మ్రోగుచుండగనే ఈ సంఖ్యను వరుసగా మార్చుచు పోయినచో అది జారును, ఊగును. సుబ్బరామ దీక్షితులవారు స్వరములపై గమకములకు గుర్తులు వేసినట్లే ఇదియు లిపికి చేర్చిన గుర్తు. అయితే వంపు ఛానెలు అంతటికి వర్తించును. ఒకే ఛానెలులో రెండు స్వరములు కలసి పలుకునపుడు రెండును వంగును. ఒంటి స్వరముతో నడుచు మన రాగాలాపనకు ఇది అడ్డు కాదు.

పుట్టుట, నిలుచుట, అణగుట

వీణతీగెను మీటినపుడు నాదము ఒక్కసారిగా లేచి, కొంత తగ్గి, కొంతసేపు నిలిచి, మెల్లగా అణగిపోవును. వేణునాదము అట్లు కాక మెల్లగా లేచి, ఊదునంతసేపు నిలుచును. నాదమునకు ఈ రూపము లేనిచో ఏ వాద్యమైనను గంటకొట్టినట్లో, కూత వేసినట్లో ఉండును.

ఈ రూపమును డ్రైవరు క్షణక్షణము దిద్దనక్కరలేదు. స్వరము మొదలగునపుడే 'ఇంత వేగముగా లెమ్ము, ఇంత వరకు తగ్గుము, ఇచ్చట నిలువుము' అను అంకెలను గూళ్లలో వేసినచో తక్కిన పని చిప్పు తానే చూచుకొనును. స్వరము ముగియవలసినపుడు 'ఇంత వేగముగా అణగుము' అని ఇంకొక అంకె వేయవలెను. బలమును తెలుపు అంకె 0 మొదలు 255 వరకు; ఒక్కొక్కటి 0.375 డెసిబెల్ తగ్గింపు. 16 తగ్గించినచో తరంగపు ఎత్తు ఇంచుమించు సగమగును.

వరుస కూడ ముఖ్యమే. క్రొత్త స్వరమునకు ఒక కంఠమును వాడుటకు ముందు డ్రైవరు దానిని మౌనముగా నుంచి, స్థాయి, బలము, నమూనా యొక్క మొదలు, తుద మున్నగు అంకెలన్నియు వేసి, చిట్టచివర మాత్రమే 'పలుకుము' అనును. ఈ క్రమము తప్పినచో పాత స్వరపు తోకకు క్రొత్త స్వరపు తల అతుకుకొని 'టప్పు' మను శబ్దము వచ్చును. పాటలో అక్కడక్కడ ఇట్టి టపటపలు వినబడినచో తప్పు గాయకునిది కాదు, డ్రైవరుది.

ముప్పది కంఠముల కచేరి

కార్డు పేరులో 32 ఉన్నను, లినక్స్ డ్రైవరు సంగీతమునకు ఇచ్చు కంఠములు 30 మాత్రమే. కార్డుపై మనము నమూనాలు నింపు స్మృతి మాటిమాటికి జ్ఞాపకము చేయనిచో మరచిపోవు జాతిది. ఆ జ్ఞాపకము చేయు పనికి చివరి రెండు కంఠములను కేటాయించిరి. పేరును చూచి 32 ను వాడిన ప్రోగ్రాము నింపిన నమూనాలను పాడుచేసికొనును. ఇట్టి రహస్యములు తెలిసినవాడే మంచి డ్రైవరు వ్రాయగలడు.

30 స్వరములు మ్రోగుచుండగా 31 వది వచ్చినచో ఏమి చేయవలెను? క్రొత్త దానిని నిరాకరించుట సులభము. కాని వినువాని చెవి పాత స్వరపు తోకకంటె క్రొత్త స్వరపు తలనే ఎక్కువగా కనిపెట్టును. కాబట్టి ఎవరినో ఒకరిని లేపి క్రొత్తవారికి చోటియ్యవలెను. డ్రైవరు పాటించు మర్యాద ఇట్లున్నది. మొదట, పలుకకుండ ఖాళీగా నున్న కంఠమేదైన ఉన్నదా యని చూచును. లేనిచో, ముగింపునకు ఆజ్ఞ అంది అణగిపోవుచున్న వానిలో పాతదానిని ఎన్నుకొనును. అదియు లేనిచో మ్రోగుచున్న వానిలో అందరికంటె ముందు మొదలైనదానిని ఆపును. ఆ స్వరము నడుమ తెగిపోవును; కాని వాద్యబృందపు హోరులో చాలసారులు దానిని ఎవరును గమనింపరు.

తాళము తప్పకుండుట

సంగీతమునకు శ్రుతి తల్లియైనచో లయ తండ్రి యని మనవారి మాట. నిమిషమునకు 120 దెబ్బల కాలములో ఒక దెబ్బకు అర సెకను. దెబ్బను 96 భాగములు చేసి వ్రాసిన లిపిలో ఒక్కొక్క భాగము 5.2 మిల్లీసెకనులు. కాని ఆ రోజుల సాధారణ కంప్యూటర్లలో లినక్స్ గడియారము సెకనునకు 100 సారులు, అనగా 10 మిల్లీసెకనులకు ఒకసారి మాత్రమే కొట్టుకొనెడిది. పైగా పాటను వినిపించు ప్రోగ్రాము ఒక్కటే యంత్రములో ఉండదు. వేరొక ప్రోగ్రాము డిస్కును చదువుచు ఆలస్యము చేసినచో మృదంగపు దెబ్బ వెనుకబడును.

దీనికి పరిష్కారము, స్వరములను అప్పటికప్పుడు కాక ముందుగనే పంపుట. ప్రోగ్రాము 'ఈ స్వరము ఈ సమయమునకు' అని చీటీలు వ్రాసి కెర్నెలుకు అప్పగించును. కెర్నెలులోని సీక్వెన్సరు అను భాగము వానిని కాలక్రమమున వరుసలో పేర్చి, వేళ కాగానే ఒక్కొక్క చీటీని డ్రైవరుకు అందించును. గడియారము చాలనిచోట యంత్రములోని మరింత చురుకైన గడియారమును వాడుకొనుటకు కూడ వీలు కల్పించిరి. ప్రోగ్రాము కొంచెము కునికినను వరుసలో చీటీలున్నంతవరకు పాట ఆగదు.

మన వీణను కార్డునకు ఎక్కించుట

1991 లో మిడి వాద్యములకు 128 పేర్ల పట్టికను స్థిరపరచిరి. దీనిలో సితారు ఉన్నది, షెహనాయి ఉన్నది, వీణ లేదు. కార్డులోని శాశ్వతస్మృతిపై ఆధారపడినచో మనకు వీణ దక్కదు. కాని ఖాళీ స్మృతిలో మన నమూనాలను నింపుకొనవచ్చునని పైన చెప్పితిమి. ఇందులకై సౌండ్ ఫాంట్ అను ఫైలు పద్ధతి ఏర్పడినది. నమూనా ధ్వని, అది ఏ స్వరము, ఏ స్వరములకు దానిని వాడవలెను, దాని నాదము ఎట్లు లేచి ఎట్లు అణగవలెను అను వివరములన్నియు ఆ ఫైలులో ఉండును. దానిని చదివి, నమూనాలను రెండేసి బైట్ల చొప్పున కార్డునకు ఎక్కించుట కూడ డ్రైవరు పనియే.

512 కిలోబైట్లలో ఎంత ధ్వని పట్టును? 2,62,144 కొలతలు, అనగా ఆరు సెకనులకు కొంచెము తక్కువ. ఇది చాలదనిపించును. అయితే మీటు తొలిభాగము వేరు, తరువాత నిలుచు నాదము వేరు. నిలుచు నాదములో తరంగములు ఇంచుమించు ఒకే రూపమున మరల మరల వచ్చును. కాబట్టి తొలిభాగమును పూర్తిగా, నిలుచు భాగములో కొద్ది తరంగములను మాత్రము దాచి, వానినే చుట్టి చుట్టి మ్రోగింపవచ్చును. ఇట్లు చేసినచో ఒక స్వరమునకు సెకనులో కొంత భాగము చాలును. అన్ని స్వరములకు నమూనాలు తీయుట కూడ అనవసరము. మూడు నాలుగు మెట్లకొకటి తీసి, నడుమనున్న వానిని పైన చెప్పిన లెక్కతో పుట్టింపవచ్చును. దూరము పెరిగిన కొలది నాదము కృత్రిమమగును కాబట్టి ఇందు కొంత మితము పాటింపవలెను.

మూగపోని వాద్యము

ఇక రెండవ సంగతికి వత్తము. లినక్స్ కెర్నెలును 1991 లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. దీని మూలరచనను, అనగా సోర్సు కోడును, ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. ఆ దేశస్థుడే యగు హన్ను సావొలైనెన్ 1992 నుండి దానికి సౌండు డ్రైవర్లు వ్రాసెను. తకాషి ఇవాయ్ అను జపానుదేశీయుడు ఏడబ్ల్యూఈ32 లోని సింథసైజరునకు డ్రైవరు వ్రాసెను. అది 1999 లో వెలువడిన లినక్స్ 2.2 లో చేరియున్నది. చెకోస్లొవాకియా విడిపోగా ఏర్పడిన చెక్ దేశమునుండి యారొస్లావ్ కిసెలా 1998 లో ఆల్సా అను క్రొత్త సౌండు వ్యవస్థను మొదలుపెట్టెను. అది 2002 లో కెర్నెలు యొక్క అభివృద్ధిశాఖలో ప్రవేశించి, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 తో అందరికి అందినది. ఇవాయ్ ఆ పనిలో కూడ ముఖ్యుడు.

ఆల్సాలో ఈ డ్రైవరును రెండు అంతస్తులుగా విభజించిరి. మిడి ఆజ్ఞల యర్థము తెలిసికొనుట, సౌండ్ ఫాంటును చదువుట వంటివి పై అంతస్తు. గూళ్లలో అంకెలు వేయుట వంటి, చిప్పునకు సంబంధించిన పనులు క్రింది అంతస్తు. 1998 లో సౌండ్ బ్లాస్టర్ లైవ్ అను కార్డు ఈఎంయు10కె1 అను క్రొత్త చిప్పుతో వచ్చినది. నమూనాలను అది కార్డుపై కాక కంప్యూటరు యొక్క సొంత స్మృతిలోనే ఉంచును. ఇంత మార్పు వచ్చినను పై అంతస్తును రెండు చిప్పులకు ఉమ్మడిగా వాడగలిగిరి. ఒకరి శ్రమ రెండవవానికి అక్కరకు వచ్చినది. 1999 లో కార్డు తయారుచేసిన సింగపూరు కంపెనీ క్రియేటివ్ తానును ఈ రెండవ చిప్పు యొక్క లినక్స్ డ్రైవరు మూలరచనను బహిరంగపరచినది.

దీని వలన ప్రయోజనమేమి? 57,344 అను అంకెను గాని, చివరి రెండు కంఠముల రహస్యమును గాని చిప్పును చూచి ఎవరును కనిపెట్టలేరు. నిర్మించినవాడు చెప్పవలెను, లేదా ఎవరైన ఎంతో శ్రమపడి శోధింపవలెను. ఆ విద్య ఒక కంపెనీ పెట్టెలోనే ఉండినచో, కంపెనీ ఆ కార్డును అమ్ముట మానిననాడు క్రొత్త ఆపరేటింగు సిస్టములకు డ్రైవరు వ్రాయుటలో దానికి లాభముండదు. అప్పుడు కార్డు చెడకయే మూగపోవును. చిప్పులో నాదమున్నది, స్మృతిలో నమూనాలున్నవి, పలికించు విద్య మాత్రము లేదు. ఏడబ్ల్యూఈ32 ను అమర్చు పాతకాలపు గాడులు 2000 తరువాత క్రొత్త కంప్యూటర్లలో క్రమముగా మాయమైనవి. అయినను దాని డ్రైవరు ఇరువది సంవత్సరముల తరువాత కూడ లినక్స్ మూలరచనలో నిలిచియే యున్నది. పాత యంత్రమును భద్రపరచుకొన్నవాడు దానిని నేటికిని పలికింపవచ్చును.

ఇప్పటి కంప్యూటర్లలో చాలవరకు సింథసైజరు చిప్పు ఉండదు. ముఖ్యయంత్రమే ఎంతో వేగవంతమగుటచే, ఆ చిప్పు చేసిన పనినంతను ఫ్లూయిడ్ సింథ్ వంటి ప్రోగ్రాములు లెక్కలతోనే చేయుచున్నవి. అవి చదువునది మాత్రము ఆ పాత సౌండ్ ఫాంటులనే. కంఠములను పంచుట, నిలుచు నాదమును చుట్టి వాడుట, స్వరమును అంకెగా మార్చుట అను పద్ధతులు కార్డుతోపాటు నశింపలేదు.

మన దేశమున గురువు శిష్యునకు చెప్పక దాచిన విద్య గురువుతోనే అంతరించుట కద్దు. వ్రాసి అచ్చువేసిన కృతి గురువు లేనివానికి సైతము దక్కినది. డ్రైవరు యొక్క మూలరచన కూడ ఇట్టి అచ్చువేసిన కృతియే. పన్నెండు సమమెట్ల లెక్క మనకు సరిపడనిచో, ఆ లెక్క యెక్కడ వ్రాయబడియున్నదో వెదకి చూడవచ్చును. 58,709 ఉండవలసినచోట 58,663 వచ్చునట్లు మార్చుకొనవచ్చును. సంగీతమును, గణితమును కొంత కొంత నేర్చిన విద్యార్థికి ఇది అసాధ్యము కాదు. కావలసినది ఒక కంప్యూటరు, కొంత ఓపిక, గాంధారమును గుర్తింపగల చెవి.